చిప్పు అడక్కపోతే చేతికి చిప్పే

విండోస్ 10 మూలపడ్డాక ఊళ్లలో పాత ల్యాప్‌టాప్‌లు లైనక్స్ బాట పట్టాయి. అన్నీ బాగానే ఉంటాయి, వైఫై దగ్గరే చిక్కొస్తుంది. కోటవురట్లలో ఓ ఇంటి గదిలో మొదలైన వెతుకులాట ఇది.

“ఏరా, నెట్టెక్కిందా?”

వసారాలోంచి నాన్న ఈ మాట అడగడం అది నాలుగోసారి. లోపల మంచం మీద ల్యాప్‌టాప్, దానికి అటూ ఇటూ నేనూ మా అక్క కొడుకూ. నాగుల చవితి వెళ్లి రెండు రోజులైంది. చలిమిడి, చిమ్మిలి డబ్బాలు ఖాళీ అయ్యాయి గానీ మా పని మాత్రం తెమల్లేదు.

ఆ ల్యాప్‌టాప్ వయసు పదకొండేళ్లు. తమ్ముడి ఇంజినీరింగ్ చదువుకని కొన్నది. 2025 అక్టోబరు 14తో విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మద్దతు ఆపేసింది. పోనీ విండోస్ 11 వేద్దామంటే టీపీఎం 2.0 అనే భద్రతా చిప్పు ఉండాలట, ఇంటెల్ ప్రాసెసరైతే ఎనిమిదో తరమో ఆ పైదో కావాలట. మాది నాలుగో తరం. కీబోర్డు మీద అక్షరాలు అరిగిపోయాయే తప్ప మనిషి ఇంకా గట్టిగానే ఉంది, పారేయడానికి చేతులు రాలేదు. వైజాగ్‌లో చదువుకుంటున్న మేనల్లుడు పండక్కి వస్తూ పెన్‌డ్రైవ్‌లో లైనక్స్ మింట్ పట్టుకొచ్చాడు. అరగంటలో ఎక్కించేశాడు. తెలుగు అక్షరాలు ముత్యాల్లా కనిపించాయి. పాటలు మోగాయి. మూల పడున్న ప్రింటరు కూడా, ఎవరూ ఏమీ అడక్కుండానే, ఓ కాగితం కక్కింది. వైఫై గుర్తు మాత్రం తెర మీద ఎక్కడా లేదు.

“ఏం కాదు మావయ్యా, డ్రైవర్ డౌన్‌లోడ్ చేస్తే వచ్చేస్తుంది.”

“దేంతో చేస్తావు?”

“నెట్‌తో...” అని ఆగిపోయాడు.

పిచ్చి కుదిరితేగానీ పెళ్లి కాదు, పెళ్లయితేగానీ పిచ్చి కుదరదు. లైనక్స్‌కి మారినవాళ్లలో చాలామంది మొదటిరోజే ఈ సామెత అర్థం తెలుసుకుంటారు.

మర్నాడు నర్సీపట్నం వెళ్లాను. దుకాణంలో వైఫై డాంగిల్ అడిగితే గోరంత వస్తువు ఒకటి, అగ్గిపెట్టంత అట్టపెట్టెలోంచి తీసి బల్ల మీద పెట్టాడు. లైనక్స్‌లో పనిచేస్తుందా అని అడిగాను. “పెట్టి మీద రాసుంది గదండీ మాస్టారూ, ఇంకేటి డౌటు?” అన్నాడు. నిజమే, రాసుంది. విండోస్, మ్యాక్, లైనక్స్ అని వరసగా మూడు గుర్తులు. లైనక్స్ పక్కన ఇంకాస్త సన్నటి అక్షరాల్లో 2.6 నుంచి అని ఏవో అంకెలు. అవి ఏంటో అప్పుడు పట్టించుకోలేదు. అక్కడే మోసపోయాను. ఆ బ్రాండు పేరు ఇక్కడ అనవసరం. తప్పులో సగం నాదే.

ఇంటికొచ్చి గుచ్చితే ల్యాప్‌టాప్ దాన్ని సీడీ డ్రైవ్ అనుకుంది. ఉత్తినే అంటున్నది కాదు, తెర మీద సీడీ బొమ్మ వచ్చింది. దాని సంగతి తర్వాత తెలిసింది. విండోస్ వాళ్లకి వేరే సీడీ ఇవ్వకుండా, డ్రైవర్‌ని డాంగిల్‌లోనే దాచి పెడతారు. గుచ్చగానే అది ముందు సీడీ వేషం వేస్తుంది, డ్రైవర్ ఎక్కాక వేషం మార్చి వైఫై అవుతుంది. లైనక్స్‌లో ఆ వేషం మార్పించడానికి యూఎస్‌బీ మోడ్‌స్విచ్ అని వేరే ప్రోగ్రామ్ ఉంది. అది ఉన్నా సరిపోదు, వేషం తీశాక లోపలున్న చిప్పుతో మాట్లాడే డ్రైవర్ కూడా ఉండాలి. మా దాంట్లో అదీ లేదు.

దుబాసీ ఎక్కడుంటాడు?

డ్రైవర్ అంటే దుబాసీ. కంపెనీ దొరలకీ మన జమీందార్లకీ మధ్య నిలబడి ఇటు మాట అటు, అటు మాట ఇటు చెప్పినవాణ్ని మన కోస్తాలో దుబాసీ అనేవారు. వైఫై చిప్పుది ఒక భాష, లైనక్స్ గుండెకాయ అయిన కెర్నెల్‌ది ఒక భాష. దుబాసీ లేకపోతే రెండూ పక్కపక్కనే కూర్చుని మొహాలు చూసుకుంటాయి.

ఇప్పుడు అసలు సంగతి. విండోస్‌లో ఈ దుబాసీని వస్తువు అమ్మినవాడు తెచ్చి ఇస్తాడు. లైనక్స్‌లో మంచి దుబాసీ కెర్నెల్ ఇంట్లోనే ఉంటాడు. కెర్నెల్‌తో పాటే పెరుగుతాడు, ఇంటి భాష మారితే తనూ మారతాడు. రెండో రకం అద్దె దుబాసీ. కంపెనీ ఎప్పుడో ఒక మూల గ్రంథం ఇచ్చి చేతులు దులుపుకుంటే, దాన్ని ఎవరో ఉత్సాహవంతులు సరిదిద్దుతూ ఇంటర్నెట్‌లో పెడతారు. దాన్ని మనం దించుకుని, మన కంప్యూటర్‌లోనే కూర్చి, కెర్నెల్‌కి తగిలించాలి. కెర్నెల్ కొత్తదయ్యిందా, మళ్లీ కూర్చాలి. డీకేఎంఎస్ అనే పనిముట్టు ఆ పని తనంతట తను చేస్తుంది గానీ, భాష మరీ మారిపోతే అదీ చేతులెత్తేస్తుంది. సెక్యూర్ బూట్ అనే కాపలా ఆన్‌లో ఉంటే, సంతకం లేని డ్రైవర్‌ని కెర్నెల్ గడప కూడా తొక్కనివ్వదు. నిన్న రాత్రి దాకా వచ్చిన నెట్ పొద్దున్న అప్‌డేట్ తర్వాత రాలేదని మొత్తుకునేవాళ్లందరిదీ ఈ అద్దె దుబాసీ కథే.

అట్టపెట్టె మీద లైనక్స్ అని అచ్చు వేసేవాళ్లలో ఎక్కువమంది ఉద్దేశం ఈ రెండో రకం. 2.6 అన్న అంకె కెర్నెల్ సంఖ్య. కెర్నెల్ 2.6 మొదటిసారి వచ్చింది 2003 డిసెంబరులో. ఆనాటి జాతకం చూపించి ఈనాడు పెళ్లి చేసినట్టు.

దీంతో పాటు ఫర్మ్‌వేర్ అని ఇంకోటుంది. చిప్పు నిద్రలేచినప్పుడల్లా దానికి అప్పజెప్పాల్సిన పాఠం అది. డ్రైవర్ ఎంత మంచిదైనా ఈ పాఠం ఫైలు లేకపోతే చిప్పు కళ్లు తెరవదు. డెబియన్ అనే ఇంకో రకం లైనక్స్ వాళ్లు సిద్ధాంతం ప్రకారం, మూలం తెరవని ఫర్మ్‌వేర్‌ని తమ ఇన్‌స్టాలర్‌లో ఏళ్ల తరబడి పెట్టలేదు. 2022లో ఓటింగ్ పెట్టుకుని మనసు మార్చుకున్నారు. 2023 జూన్ 10న వచ్చిన డెబియన్ 12 నుంచి అది ఇన్‌స్టాలర్‌తోనే వస్తోంది. సిద్ధాంతం మీద నాకు గౌరవమే, కానీ నెట్ లేని ఊళ్లో సిద్ధాంతాన్ని ఏ సాకెట్‌లో గుచ్చుకోవాలి?

పెమ్మసాని పేరు, ఫింగర్ గారి ముసలితనం

ఈ తిప్పలు ఇప్పటివి కావు. లైనస్ టోర్వాల్డ్స్ తన కెర్నెల్ గురించి లోకానికి చెప్పింది 1991 ఆగస్టులో. వైఫైకి మొదటి ప్రమాణం, 802.11, 1997లో వచ్చింది. ఆ తర్వాత ల్యాప్‌టాప్‌లలో వైఫై కార్డులు వచ్చాయి గానీ, వాటిని చేసిన కంపెనీల్లో చాలావాటికి లైనక్స్ అన్న మాటే చెవికెక్కలేదు. విండోస్ డ్రైవర్ తప్ప ఇంకోటి ఇచ్చేవాళ్లు కాదు.

అప్పుడు కొందరికి ఓ గడుసు ఆలోచన వచ్చింది. విండోస్ డ్రైవర్ తప్ప వేరే లేదంటున్నారు కదా, ఆ డ్రైవర్‌నే లైనక్స్‌లో నడిపిస్తే? దానికి తను విండోస్‌లోనే ఉన్నానన్న భ్రమ కల్పిస్తే చాలు. 2003లో మొదలైన ఆ ప్రోగ్రామ్ పేరు ఎన్‌డిస్‌వ్రాపర్. దాని మూల గ్రంథం తెరిస్తే హక్కుదారులుగా రెండు పేర్లు కనిపిస్తాయి. ఒకటి పాంటస్ ఫుక్స్. రెండోది గిరిధర్ పెమ్మసాని. ఇంటిపేరు మనదే. ఈ సంగతి మేనల్లుడికి చెబితే “మనోళ్లా!” అని మంచం మీంచి లేచాడు. సెల్‌ఫోన్ యాప్ కట్టిన తెలుగువాళ్ల గురించి పత్రికల్లో పేజీలకు పేజీలు రాస్తాం. ప్రపంచమంతా లైనక్స్ వాడేవాళ్లు కొన్నేళ్లపాటు ఏ పనిముట్టు పుణ్యాన వైఫై చూశారో, దాని మీద ఉన్న తెలుగు పేరు మనలో ఎంతమందికి తెలుసు?

ఎన్‌డిస్‌వ్రాపర్ కెర్నెల్ పెద్దలకు పెద్దగా నచ్చలేదు. ఇలా దొడ్డిదారి చూపిస్తే కంపెనీలు అసలు డ్రైవర్ ఎప్పటికీ ఇవ్వవని వాళ్ల వాదన. పైగా లోపల ఏముందో తెలియని డ్రైవర్ నడిస్తే కెర్నెల్ తన మీద తనే ఒక గుర్తు పెట్టుకుంటుంది. ఇంగ్లిషులో వాళ్లు వాడే మాటకి మన తెలుగు సరిగ్గా సరిపోతుంది: మైలపడింది అని. మైల వచ్చిన కెర్నెల్ ఏదైనా తేడా చేస్తే ఆ ఫిర్యాదుని ఎవరూ తాకరు. వాదన సబబే. కాకపోతే ఆ రోజుల్లో నెట్ కావాల్సినవాడికి మైలా మడీ చూసుకునే తీరిక లేదు.

ఇంకో దారిన వెళ్లినవాళ్లూ ఉన్నారు. బ్రాడ్‌కామ్ తన చిప్పుల వివరాలేవీ బయటికి ఇవ్వని కాలంలో, ఒక గుంపు ఆ కంపెనీ మూసిపెట్టిన డ్రైవర్‌ని విప్పి చూసి అదేం చేస్తోందో మామూలు మాటల్లో రాసిపెట్టింది. ఇంకో గుంపు ఆ డ్రైవర్‌ని కన్నెత్తి చూడకుండా, ఆ రాతను మాత్రమే చదివి కొత్తగా డ్రైవర్ కట్టింది. కాపీ కొట్టారన్న మాట రాకుండా ఈ ఏర్పాటు. అది 2006లో కెర్నెల్‌లోకి వచ్చింది. బ్రాడ్‌కామ్ తనంతట తను కొన్ని చిప్పులకు తెరిచిన డ్రైవర్ ఇచ్చింది 2010 సెప్టెంబరులో.

విప్పి చూసి కట్టే ఆ పనిలో చేరినవాళ్లలో ల్యారీ ఫింగర్ అనే అమెరికన్ ఉన్నారు. వృత్తిరీత్యా స్ఫటికాల శాస్త్రవేత్త, కార్నెగీ సంస్థ భూభౌతిక ప్రయోగశాలలో జీవితమంతా ఖనిజాల లోపలి అమరిక చదివినవారు. ఎల్ సాల్వడార్‌లోని ఇజాల్కో అగ్నిపర్వతం దగ్గర దొరికిన ఒక ఖనిజానికి ఆయన పేరు మీదే ఫింగరైట్ అని పెట్టారు. అలాంటి మనిషి రిటైరయ్యాక మనవలతో కాలక్షేపం చేయకుండా వైఫై డ్రైవర్లు పట్టుకున్నారు. బ్రాడ్‌కామ్‌తో మొదలుపెట్టి, ఆ తర్వాత రియల్‌టెక్ డ్రైవర్లకు పెద్దదిక్కయ్యారు. ముక్కూ మొహం తెలియనివాళ్లు “నా ల్యాప్‌టాప్‌లో రావట్లేదు” అని అడిగితే ఓపిగ్గా జవాబులిచ్చారు. 2024 జూన్‌లో, 84 ఏళ్ల వయసులో పోయారు. మన ఊళ్లో ఏ డొక్కు ల్యాప్‌టాప్‌లోనో రియల్‌టెక్ కార్డు మారు మాట్లాడకుండా పనిచేస్తోందంటే, ఆ పెద్దాయన చేతి చలవ అందులో కొంత ఉండే ఉంటుంది.

తెలుగు నేల మీద లైనక్స్‌ని మోసినవాళ్ల గురించి కూడా ఒక మాట. హైదరాబాద్ కేంద్రంగా నడిచే స్వేచ్ఛ సంస్థ తెలుగులో మాట్లాడే లైనక్స్‌ని, పిల్లల కోసం బాల స్వేచ్ఛని తయారుచేసింది. కేరళ ప్రభుత్వ బడుల్లోనైతే లైనక్స్ ఎప్పుడో ఇంటి చుట్టమైపోయింది. మన దగ్గర అంత దూరం రాలేదు.

పైన లక్క, లోన కర్ర

మాకు దగ్గర్లోనే వరాహ నది ఒడ్డున ఏటికొప్పాక. లక్క బొమ్మల ఊరు, 2017లో ఆ బొమ్మలకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. అక్కడ ఏ పనివాణ్ని అడిగినా రంగుల కంటే ముందు కర్ర గురించే చెబుతాడు. అంకుడు కర్రయితేనే ఉలికి మెత్తగా లొంగుతుంది, లక్క నునుపుగా పడుతుంది. పైన ఎర్ర లక్క పూశాక చూసేవాడికి లోపలి కర్ర తెలియదు, చేసినవాడికి తెలుసు. వైఫై డాంగిళ్లూ అంతే. బ్రాండు పేరు పైన లక్క. లోపలి చిప్పు కర్ర.

దీనికి అందరూ చెప్పుకునే ఉదాహరణ ఒకటుంది. టీపీ-లింక్ వాళ్ల టీఎల్-డబ్ల్యూఎన్722ఎన్ అనే డాంగిల్. తెల్లటి ఒళ్లు, పక్కన విప్పి పెట్టుకునే యాంటెనా. మొదటి వెర్షన్‌లో అథెరోస్ ఏఆర్9271 చిప్పు ఉండేది. లైనక్స్‌లో దానికి మించిన మర్యాదస్తుడు లేడు. డ్రైవర్ కెర్నెల్‌లోనే ఉంది, 2013లో దాని ఫర్మ్‌వేర్ మూలం కూడా తెరిచేశారు. ఆ పేరు చూసి లోకమంతా కొన్నది. ఆ తర్వాత రెండో వెర్షన్, మూడో వెర్షన్ వచ్చాయి. అదే పేరు, అదే తెల్లటి ఒళ్లు, అదే యాంటెనా. లోపల మాత్రం రియల్‌టెక్ ఆర్‌టీఎల్8188ఈయూఎస్. డ్రైవర్ వేరు, తీరు వేరు. తేడా చెప్పేది వెనక అంటించిన చీటీ మీద వెర్షన్ అంకె ఒక్కటే. పాత సమీక్ష చదివి కొత్త పెట్టె కొన్నవాళ్లంతా నాలుక కరుచుకున్నారు. కంపెనీ చట్టం తప్పిందేమీ లేదు. విండోస్ వాడేవాడికి తేడా తెలియనే తెలియదు.

అందుకే దుకాణంలో అడగాల్సింది “లైనక్స్‌కి పనిచేస్తుందా” అని కాదు, “చిప్పు ఏంటి?” అని. చెప్పలేకపోతే పెట్టె వెనక్కిచ్చేయండి.

ఏ చిప్పు అయితే మంచిది? నా అభిప్రాయం, మేనల్లుడి పరిశోధన కలిపి చెబుతున్నాను. యూఎస్‌బీ డాంగిల్ కొనాలనుకుంటే ముందుగా మీడియాటెక్ వైపు చూడండి. 2011లో రాలింక్ అనే కంపెనీని మీడియాటెక్ కొనేసింది, రాలింక్ చిప్పులకు లైనక్స్‌తో పాత స్నేహం. చవకలో కావాలనుకుంటే ఆ వంశంలోని ఆర్‌టీ5370. 2.4 గిగాహెర్ట్జ్ మాత్రమే పట్టుకుంటుంది, వేగం తక్కువ, కానీ గుచ్చితే చాలు. 5 గిగాహెర్ట్జ్ కూడా కావాలంటే ఎంటీ7610యూ, ఇంకాస్త మెరుగ్గా ఎంటీ7612యూ. ఈ రెండింటి డ్రైవర్లు 2018లో వచ్చిన కెర్నెల్ 4.19 నుంచి ఇంట్లోనే ఉన్నాయి. నెట్‌గేర్ ఏ6210, ఆల్ఫా ఏడబ్ల్యూయూఎస్036ఏసీఎం లాంటివి ఎంటీ7612యూ మీద చేసినవే. వైఫై 6 కావాలనుకునేవాళ్లకు ఎంటీ7921ఏయూ, దానికి కెర్నెల్ 5.18 గానీ పైది గానీ ఉండాలి. ఆల్ఫా పేరు వినగానే వీడియోల్లో హ్యాకింగ్ పాఠాలు గుర్తొస్తాయి. ఆ పాఠాల్లో మెచ్చుకునే గుణాలు వేరు, పక్కింటివాడి వైఫై మీద కన్నేయని మనకు కావాల్సిన గుణాలు వేరు. ఆ వీడియోలు చూసి కొనకండి.

రియల్‌టెక్‌ని పూర్తిగా వద్దనను. ఒకప్పుడైతే అనేవాణ్ని. బజారులో చవకగా దొరికే డ్యూయల్ బ్యాండ్ డాంగిళ్లలో ఎక్కువ భాగం దానివే, చాలాకాలం అద్దె దుబాసీలతోనే బతికాయి. 2023 ఫిబ్రవరిలో కెర్నెల్ 6.2 వచ్చేసరికి ఆర్‌టీఎల్8821సీయూ, 8822బీయూ లాంటివి ఇంట్లోకి వచ్చాయి. 8812ఏయూ, 8821ఏయూ 2025లో చేరాయి. అంటే ఇప్పుడు ప్రశ్న చిప్పు ఒక్కటే కాదు, మీ కెర్నెల్ వయసు కూడా. మింట్ 22 మొదట వచ్చింది 6.8 కెర్నెల్‌తో. అదే చిప్పు, ఒకరింట్లో పనిచేసి ఇంకొకరింట్లో చేయకపోవడానికి కారణం ఇదే. దుకాణదారుకీ, పక్కింటి కుర్రాడికీ మధ్య తగవు పెట్టేది కూడా ఇదే.

ఇంట్లో ఇప్పటికే డాంగిల్ ఉందా? దాని కర్ర ఏదో తేల్చడం తేలిక. టెర్మినల్ తెరిచి ఎల్, ఎస్, యూ, ఎస్, బీ అనే అయిదు అక్షరాలు కలిపి కొట్టండి. గుచ్చిన వస్తువులన్నీ వరసగా వస్తాయి. ఒక్కోదాని పక్కన నాలుగు అక్షరాలు, రెండు చుక్కలు, మళ్లీ నాలుగు అక్షరాలు ఉంటాయి. 148ఎఫ్:5370 అని కనిపిస్తే ఆర్‌టీ5370. 0ఈ8డీ:7612 అయితే ఎంటీ7612యూ. పెట్టె అబద్ధం చెప్పొచ్చు గానీ ఈ అంకెలు చెప్పవు. స్నేహితుడి డాంగిల్ అరువడిగి, మీ ల్యాప్‌టాప్‌లో గుచ్చి చూసి కొనడం అన్నిటికంటే ఉత్తమం. పిల్లను చూడకుండా సంబంధం ఖాయం చేసుకునే రోజులు పోయాయి కదా.

లోపలి కార్డు మార్చొచ్చా?

మార్చొచ్చు. నిజానికి డాంగిల్ కంటే అదే మేలు, ఓపికుంటే. ల్యాప్‌టాప్ అడుగున మరలు విప్పితే ఓ చిన్న కార్డు, దానికి రెండు సన్నటి తీగలు. ఆ తీగలు తెర అంచుల్లో ఉన్న యాంటెనాలకు వెళ్తాయి. డాంగిల్‌లో ఉండే అంగుళం యాంటెనాతో పోలిస్తే ఇవి ఎంతో నయం. కార్డుల్లో ఇంటెల్‌ది కళ్లు మూసుకుని కొనొచ్చు. ఏఎక్స్200, ఏఎక్స్210 రెండూ లైనక్స్‌లో ఒద్దికగా నడుస్తాయి, ఏఎక్స్210కి కెర్నెల్ 5.10 గానీ పైది గానీ ఉండాలి. కళ్లు తెరవాల్సిన చోటు ఒకటుంది. చూడ్డానికి ఒకేలా ఉండే ఏఎక్స్201, ఏఎక్స్211 సగం కార్డులు మాత్రమే. మిగతా సగం ఇంటెల్ కొత్త ప్రాసెసర్‌లోనే ఉంటుంది. పాత ల్యాప్‌టాప్‌లోనో, ఏఎమ్‌డీ ల్యాప్‌టాప్‌లోనో అవి వట్టి రేకుముక్కలు.

మాలాంటి పదేళ్ల పైబడిన ల్యాప్‌టాప్‌లో సాకెట్టే వేరు. అందులో మినీ పీసీఐ ఎక్స్‌ప్రెస్ సగం సైజు కార్డు పడుతుంది, ఇంటెల్ 7260 హెచ్‌ఎండబ్ల్యూ లాంటిది. తీగల కొనలు కూడా పాతవాటికీ కొత్తవాటికీ తేడా, బలవంతంగా నొక్కితే విరుగుతాయి. కొన్ని కంపెనీల పాత ల్యాప్‌టాప్‌లు తాము అనుమతించిన కార్డు తప్ప ఇంకోటి పెడితే అసలు లేవనే లేవవు, బయోస్‌లోనే జాబితా రాసిపెట్టుకుంటాయి. అందుకని విప్పేముందు మీ మోడల్‌కి ఆ పట్టింపు ఉందేమో కనుక్కోండి. మేనల్లుడు స్క్రూడ్రైవర్ తీసేసరికి నాన్న వసారాలోంచి లోపలికి వచ్చి నిలబడ్డారు. “విప్పడం ఎవుడైనా విప్పుతాడు. బిగించడం వొచ్చునా?” అన్నారు. మేం విప్పలేదు.

మందపాటి గోడలు, నీలిరంగు పోర్టు

2017 డిసెంబరు 27న అప్పటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ చేతుల మీదుగా ఏపీ ఫైబర్‌నెట్ మొదలయ్యాక, కరెంటు స్తంభాల మీదుగా గాజు తీగ పల్లెల్లోకి నడిచొచ్చింది. అప్పట్లో నెలకు 149 రూపాయలకే టీవీ, నెట్, ఫోను. ఇంటి గడప దాకా నెట్ తేవడం ప్రభుత్వాల పని, ప్రైవేటు కంపెనీల పని. గడప నుంచి మంచం దాకా తేవడం మాత్రం మన పనే.

మాది పెంకుటిల్లు. గోడలు మూరెడు మందం. వసారాలో రూటర్, నడవ దాటితే గది. 5 గిగాహెర్ట్జ్ వేగం ఎక్కువ గానీ గోడ దాటేసరికి నీరసపడుతుంది. 2.4 నెమ్మదిగానైనా గోడలు దాటుకొస్తుంది. పట్నం అపార్ట్‌మెంట్లలో చుట్టూ ముప్ఫై రూటర్లు అరుస్తుంటాయి కాబట్టి అక్కడ 5 కావాలి. మా వీధిలో అంత రద్దీ లేదు. పెంకుటింటివాళ్లు డ్యూయల్ బ్యాండ్ కోసం మరీ తహతహలాడక్కర్లేదని నా తీర్పు. బుల్లి డాంగిల్ కంటే విప్పి పెట్టుకునే యాంటెనా ఉన్నదే మేలు.

డాంగిల్ ఎక్కడ గుచ్చుతామన్నది కూడా ముఖ్యమే. లోపల నీలిరంగు ఉన్న యూఎస్‌బీ 3 పోర్టులో హార్డ్ డిస్క్ లాంటిది పనిచేస్తుంటే, అది సరిగ్గా 2.4 గిగాహెర్ట్జ్ చుట్టుపక్కలే రొద చేస్తుంది. ఇది ఇంటెల్ వాళ్లే 2012లో రాసి బయటపెట్టిన సంగతి. పక్కనే ఉన్న డాంగిల్‌కి రూటర్ మాట వినపడదు. మూరెడు పొడుగు ఎక్స్‌టెన్షన్ తీగ తెచ్చి డాంగిల్‌ని దూరంగా పెడితే తగ్గుతుంది. ఖరీదైన డాంగిల్ కొనేముందు ఆ తీగ కొని చూడండి.

ఇంకో విచిత్రం. ఫోన్‌లో కనిపించే వైఫై పేరు ల్యాప్‌టాప్‌లో కనిపించదు. రూటర్ 12, 13 ఛానళ్లలో ఉంటే ఇలా జరుగుతుంది. మన దేశంలో అవి వాడుకోవచ్చు, అమెరికాలో మామూలుగా వాడరు. ల్యాప్‌టాప్ తాను అమెరికాలో ఉన్నాననుకుంటే ఆ ఛానళ్ల వైపు చూడదు. దేశం సెట్టింగ్‌ని ఇండియాకి మార్చండి, లేదా రూటర్‌ని 1, 6, 11 ఛానళ్లలో ఒకదానికి తెండి. అయిదు నిమిషాల పని, దీనికోసం డాంగిళ్లు మార్చినవాళ్లున్నారు.

కరెంటు పొదుపు పేరుతో మధ్యమధ్య కునుకు తీసే అడాప్టర్లు మరో బాధ. వీడియో కాల్‌లో మనిషి నోరు తెరిచి ఆగిపోతే తప్పు అవతలివాడిదే కానక్కర్లేదు. నెట్‌వర్క్ మేనేజర్‌లో వైఫై పవర్‌సేవ్ ఆపేస్తే చాలాసార్లు కుదుటపడుతుంది.

మరి ఆ రోజు మేమేం చేశాం? నాలుగోసారి అడిగాక నాన్నే తన ఆండ్రాయిడ్ ఫోనూ, ఛార్జింగ్ తీగా తెచ్చి మంచం మీద పడేశారు. “దీంట్లో వొస్తంది గదా నెట్టు, దీన్ని తగిలించండి” అన్నారు. తగిలించాం. ఫోన్‌లో యూఎస్‌బీ టెథరింగ్ నొక్కాం. లైనక్స్ ఏ డ్రైవరూ అడక్కుండా, మారు మాట లేకుండా నెట్ అందుకుంది. ఆండ్రాయిడ్ లోపలున్నదీ లైనక్స్ కెర్నెలే అన్న సంగతి చదువుకున్నవాళ్లం ఇద్దరం మర్చిపోయాం. ఫోన్ వైఫైలో ఉంటే ఆ వైఫైనే తీగ మీదుగా ల్యాప్‌టాప్‌కి ఇస్తుంది, మొబైల్ డేటా కూడా ఖర్చు కాదు. పిచ్చీ పెళ్లీ ముడి ఒక తీగముక్కతో విడిపోయింది.

ఆ నెట్‌తోనే చిప్పుల గురించి చదివి, వారం తిరక్కుండా యాంటెనా ఉన్న ఎంటీ7612యూ డాంగిల్ తెప్పించాం. గుచ్చగానే వైఫై గుర్తు వచ్చింది. ఈ వ్యాసం దాంతోనే పంపుతున్నాను.

నర్సీపట్నంలో కొన్న పాత డాంగిల్ సంగతి మిగిలింది. సంక్రాంతికి మళ్లీ వచ్చినప్పుడు మేనల్లుడు ఇంకా కొత్త కెర్నెల్ ఉన్న లైనక్స్‌ని పెన్‌డ్రైవ్ మీంచే నడిపి, సరదాకి దాన్ని గుచ్చాడు. పనిచేసింది. ఈ మధ్యలో ఎవరో దానికి దుబాసీని ఇంట్లోకి తెచ్చి కూర్చోబెట్టారు. అది ఇప్పుడు మా బీరువా సొరుగులో ఉంది. చుట్టుపక్కల ఎవరికైనా కావాలంటే వచ్చి పట్టుకెళ్లొచ్చు, వచ్చేముందు మీ కెర్నెల్ అంకె చూసుకుని రండి.